గోధుమకు ఎరువు: ఎంత, ఎప్పుడు?

గోధుమ ఎన్ని క్వింటాళ్లు పండిందన్నది ఒక లెక్క. ఆ గింజలో ప్రొటీన్ ఎంత ఉందన్నది మరో లెక్క. రెండింటికీ మూలం నత్రజనే. అయితే పైరు తొలి రోజుల్లో అందిన నత్రజని ప్రధానంగా దిగుబడిని పెంచుతుంది, ఆలస్యంగా అందినది గింజ నాణ్యతను పెంచుతుంది.

ఎరువు లేకపోతే పైరు ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో చూడొచ్చు. అక్కడి బ్రాడ్‌బాక్ పొలంలో 1843లో మొదలైన ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. ఏ ఎరువూ వేయని మడిలో దిగుబడి హెక్టారుకు ఒక టన్ను దగ్గరే ఉండిపోగా, తగినంత ఎరువు వేసిన మళ్లు దానికి కొన్ని రెట్లు ఇస్తున్నాయి. మన దేశంలో 1960ల దాకా సాగైన పొడుగు రకాలకు నత్రజని ఎక్కువైతే పైరు పడిపోయేది. నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో రూపొందించిన లెర్మా రోహో, సోనోరా-64 వంటి పొట్టి రకాలు వచ్చాకే ఎక్కువ ఎరువు వేసినా నిలబడే పైరు రైతు చేతికి అందింది.

ఎరువు మోతాదు ఊహతో తేల్చేది కాదు. గింజలోని నత్రజనిని 5.7తో హెచ్చిస్తే ప్రొటీన్ వస్తుంది. అంటే 11.4 శాతం ప్రొటీన్ ఉన్న గింజలో నత్రజని 2 శాతం. పంజాబ్‌లో ఎకరాకు 20 క్వింటాళ్లు పండితే గింజతోపాటే 40 కిలోల నత్రజని పొలం దాటిపోతుంది. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం మధ్యస్థ సారమున్న నేలలకు ఎకరాకు 50 కిలోల నత్రజని, 25 కిలోల భాస్వరం సిఫారసు చేస్తుంది. 55 కిలోల డీఏపీ వేస్తే భాస్వరం అంతా, నత్రజనిలో 10 కిలోలూ అందుతాయి. మిగతాది 90 కిలోల యూరియాతో, అంటే 45 కిలోల బస్తాలు రెండింటితో సరిపోతుంది. పొటాష్ భూసార పరీక్షలో లోపం కనిపిస్తేనే వేయాలి.

భాస్వరం నేలలో పెద్దగా కదలదు కాబట్టి డీఏపీని విత్తేటప్పుడే విత్తనం దగ్గర పడేలా వేయాలి. యూరియా సంగతి వేరు. విత్తిన మూడు వారాలకు మొక్క మొదట్లో, నేల పైపొరలో కొత్త వేర్లు పుడతాయి, పిలకలు కూడా అప్పుడే మొదలవుతాయి. తొలి తడికీ, మొదటి విడత యూరియాకూ అదే అదను. ఈ తడి తప్పితే పిలకలు తగ్గుతాయి, తర్వాత ఎంత ఎరువు వేసినా ఆ లోటు తీరదు. కాండం సాగే దశలో రెండో తడితో రెండో విడత వేస్తే వెన్నుకు గింజల సంఖ్య పెరుగుతుంది. ఆకు రంగును పోల్చి చూసే పచ్చదనం పట్టీ ఉంటే ఆ రెండో విడత ఎంత వేయాలో పొలంలోనే తేల్చుకోవచ్చు.

గింజలో చేరే నత్రజనిలో ఎక్కువ భాగం అంతకుముందే ఆకుల్లో, కాండంలో దాచుకున్నది. పూత నాటికి ఆ నిల్వ చాలకపోతే గింజ పిండిపదార్థంతో నిండుతుంది గానీ ప్రొటీన్ పలచబడుతుంది. బన్సీ రవ్వకు వాడే డ్యూరమ్ గోధుమలో ఈ లోపం కంటికే కనిపిస్తుంది. మంచి గింజను అడ్డంగా కోస్తే లోపల గాజులా మెరుస్తూ గట్టిగా ఉంటుంది. నత్రజని చాలని గింజలో సుద్దలాంటి తెల్లని మచ్చలుంటాయి. అలాంటి గింజ మరపట్టినప్పుడు రవ్వ తగ్గి పిండి ఎక్కువవుతుంది. పూత సమయంలో 2-3 శాతం యూరియా ద్రావణం సాయంత్రం పూట పిచికారీ చేస్తే ఈ లోపం తగ్గుతుంది. ఎండవేళ చల్లితే ఆకులు మాడతాయి.

నాణ్యతకు నత్రజని ఒక్కటే చాలదు. చపాతీ పిండిని సాగేలా చేసే గ్లూటెన్‌లో ప్రొటీన్ పోగులను ముడివేసేది గంధకం. డీఏపీలో గంధకం దాదాపు ఉండదు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లోనూ, జిప్సమ్‌లోనూ ఉంటుంది. గంధకం బాగా కొరవడిన పైరు గింజలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం పేరుకుపోతుంది. బ్రెడ్డు, బిస్కెట్లు కాల్చినప్పుడు అది హానికరమైన ఎక్రిలమైడ్‌గా మారుతుంది.

వరి తర్వాత గోధుమ వేసే తేలిక నేలల్లో మాంగనీసు లోపం తరచుగా వస్తుంది. దమ్ము చేసిన మడిలో అది నీటితో కిందికి జారిపోవడమే కారణం. 0.5 శాతం మాంగనీసు సల్ఫేట్ పిచికారీ మొదటిసారి తొలి తడికి ముందే పడాలి. జింక్ లోపమున్న నేలకు ఎకరాకు 25 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తారు. పూత తర్వాత ఆకులపై చల్లితే గింజలోనూ జింక్ పెరుగుతుంది. ఆహారంలో జింక్ చాలని పిల్లలున్న దేశానికి ఇది చిన్న విషయం కాదు.

యూరియా చౌక కాబట్టి మోతాదు మించి చల్లే అలవాటు ఉంది. అప్పుడు పైరు పడిపోతుంది, పేనుబంక పెరుగుతుంది, మిగిలిన నత్రజని నైట్రేటుగా భూగర్భ జలాల్లోకి దిగుతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకుని ప్రొటీన్ పెంచిన రైతుకు మాత్రం ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో అదనంగా ఏమీ దక్కదు. అక్కడ చూసేది తేమ, చెత్త, విరిగిన గింజలు. ప్రొటీన్ కొలవరు. పూత వేళ పిచికారీ ఖర్చు రైతు భరించాలంటే కొనుగోలు ప్రమాణాల్లో ప్రొటీన్‌ను చేర్చి, దానికి తగిన ధర ఇవ్వాలి.