ఎండిన రక్తమూ ప్రమాదమే

ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రికి క్షతగాత్రులను తెచ్చినపుడు నేలపై రక్తం చిందడం సహజం. దానిని వెంటనే తడిగుడ్డతో తుడవరాదు. హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తంలోనూ కనీసం 7 రోజులు జీవించగలదు.

తొలుత అటుగా రాకపోకలు ఆపి, రబ్బరు చేతితొడుగులు ధరించాలి. గాజుపెంకులుంటే పట్టకారుతో తీయాలి. రక్తంపై దూది పరచి, 1 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం పోసి, 10 నిమిషాలు ఆగాలి. పిమ్మట దూదిని పసుపు సంచిలో వేసి, ఆ చోటును మరల ద్రావణంతో తుడిచి, చేతులను సబ్బుతో కడగాలి. ఈ ద్రావణంలో ఆమ్లం కలిపితే విషవాయువు వెలువడుతుంది, కలపరాదు.

పారిశుద్ధ్య కార్మికులు హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ పూర్తిచేసుకోవాలి. వారిలో ప్రతి ఒక్కరూ ఒక కుటుంబానికి ఆధారం. ఆ 10 నిమిషాలు వారిని తొందరపెట్టకుండా ఉండడం మన వంతు.