ఒకే నడుం నొప్పి.. కొందరికే పని ఎందుకు ఆగిపోతోంది?

సోలాపూర్ తూర్పు భాగంలో మన పద్మశాలి ఇళ్ల ముందుగా వెళ్తే, ఒడిలో చేట పెట్టుకుని మెడ వంచి బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. మగవాళ్లలో చాలామందిది పవర్‌లూమ్ దగ్గర నిలబడి చేసే పని. నడుం నొప్పి ఇద్దరికీ ఉంది. అయితే నొప్పి ఎంత ఉందన్నది ఒక సంగతి, దానివల్ల ఏయే పనులు ఆగిపోయాయన్నది వేరే సంగతి. ఈ రెండోదాన్నే వైకల్యం అంటారు.

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. నడుం విషయంలో వైకల్యాన్ని కొలవడానికి 1980లో వచ్చిన ఆస్వెస్ట్రీ ప్రశ్నావళిని ఇప్పటికీ వాడుతున్నారు. కూర్చోవడం, నడవడం, బరువులెత్తడం, నిద్ర లాంటి పది అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. 50కి 20 వస్తే 40 శాతం.

చదువు, ఆదాయం తక్కువైన వారిలో ఈ శాతం ఎక్కువగా ఉంటోందని చాలా దేశాల పరిశోధనల్లో తేలింది. చదువు నొప్పిని తగ్గిస్తుందని కాదు. చదువుకున్నవారికి మధ్యలో లేచి తిరగగలిగే ఉద్యోగం, జీతంతో కూడిన సెలవు దొరికే అవకాశం ఎక్కువ. వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే ఆమెకు విశ్రాంతి అంటే ఆ పూట కూలి పోయినట్టే. పైగా వంట, నీళ్లు, పిల్లలు ఎలాగూ ఆమెవే. ఇక వయసు మళ్లినవారైతే, మా ఉద్దేశంలో, నొప్పిని వయసు ఖాతాలో వేసేసి డాక్టరుకు చెప్పడమే మానేస్తారు.

ఒక సంగతి గమనించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో దీర్ఘకాలిక నొప్పి విడిగా లేదు. రిజర్వేషన్ లాంటి వాటికి ఆ చట్టం అడిగే 40 శాతం వేరు, ఆస్వెస్ట్రీ 40 శాతం వేరు. ప్రశ్నావళి కాగితం చూపిస్తే సర్టిఫికెట్ రాదు.

మరో చిక్కు భాష. పోటు, సలుపు, తీపు, తిమ్మిరి అని మనం విడివిడిగా చెప్పుకునేవన్నీ, మరాఠీ అంతంతమాత్రంగా వచ్చిన పెద్దావిడ నోట ‘దుఖ్తంయ్’ అనే ఒక్క మాటగా మిగులుతాయి. అలాంటప్పుడు వెంట వెళ్లినవారు నొప్పి గురించి కాక పని గురించి చెప్పడం మేలు. ‘అరగంట కూర్చోలేదు, నీళ్ల బిందె ఎత్తలేదు’ అంటే చాలు, ఆ పది అంశాల్లో రెండింటికి జవాబు డాక్టరు చేతికి వచ్చినట్టే.