ఘాజీ సినిమా: లాజిక్ ఎక్కడ తప్పింది, క్యారెక్టర్ ఎక్కడ తప్పింది?

ఈ ఎపిసోడ్‌లో మన తెలుగు సర్వైవల్ థ్రిల్లర్ "ఘాజీ" గురించి మాట్లాడుకుందాం. సంకల్ప్ రెడ్డి డైరెక్షన్, 2017 ఫిబ్రవరి 17న రిలీజ్, ఆ ఏడాదికి బెస్ట్ తెలుగు ఫిల్మ్‌గా నేషనల్ అవార్డు. స్పాయిలర్లు ఫుల్లుగా ఉంటయ్. చూడనోళ్లు చూసొచ్చాక రండి.

ముందు ఒక క్లారిటీ. క్యారెక్టర్ పిచ్చి పని చేస్తే అది ప్లాట్ హోల్ కాదు. సినిమా తను పెట్టిన రూల్‌ని తనే మర్చిపోతే అది ప్లాట్ హోల్. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, యూజర్ తప్పు బటన్ నొక్కడం వేరు, కోడ్‌లోనే బగ్ ఉండటం వేరు. చాలామంది రివ్యూల్లో ఈ రెండూ కలిపేసి తిడతారు.

మొదటి కేస్, కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్, అంటే కే కే మీనన్. పైనుంచి వచ్చిన ఆర్డర్ వెతకమని మాత్రమే, కొట్టమని కాదు. ఈయన వినడు. "ఆర్డర్ ఫాలో అవ్వొచ్చు కదా సార్" అని మనకి మండుతుంది. కానీ ఇది బగ్ కాదు. ఆయన ఎలాంటి మనిషో సినిమా ముందే చెప్పింది, ఆయన్ని ఆపడానికే రానా చేసిన అర్జున్‌ని పంపింది. మరి ఆ రూల్ ఎందుకు? నీళ్ల కింద నుంచి ఎదుటి ఓడ ఎవరిదో కంటికి కనపడదు, చెవికి వినపడే శబ్దమే ఆధారం. తప్పు ఓడని కొడితే వందల ప్రాణాలు పోతయ్. 1971 యుద్ధంలో మన ఐఎన్ఎస్ కుర్సురాకి కూడా, పక్కాగా గుర్తుపట్టాకే కొట్టాలని ఆర్డర్లు ఉన్నయ్.

రెండో కేస్, అర్జున్ నీళ్లలోకి దూకి తాప్సీనీ, ఒక చిన్న పిల్లనీ కాపాడటం. శత్రువు చుట్టుపక్కలే ఉన్నాడు, సబ్‌మెరీన్‌లో ఉన్నోళ్లందరి ప్రాణం రిస్కులో ఉంది. మనిషిగా కరెక్టే, ఆఫీసర్‌గా డౌటే. అయినా నా కంప్లైంట్ అది కాదు. ఇంత రిస్క్ తీసుకుని తెచ్చినోళ్లకి తర్వాత కథలో పెద్దగా పనే లేదు. ఆ ఇద్దర్నీ తీసేసినా క్లైమాక్స్ మారదు. అసలు ఫ్రస్ట్రేషన్ ఇక్కడ.

మూడోది, అందరూ ట్రోల్ చేసేది. క్లైమాక్స్‌లో జాతీయ గీతం పాడి శత్రువుని రెచ్చగొట్టడం. "నీళ్లలో పాట వినిపిస్తదా?" అని అడుగుతారు. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళ్తే, నీళ్లలో దాదాపు 1,500 మీటర్లు వెళ్తది. అందుకే నిజం సబ్‌మెరీన్లలో స్పానర్ కింద పడినా భయమే. కానీ గొంతులోంచి వచ్చే శబ్దం ఉక్కు గోడ దాటి బయటికి వెళ్లేసరికి చాలా తగ్గిపోద్ది. ఏదో అలికిడి వినపడటం ఓకే, ఏం పాట పాడుతున్నారో అంత క్లియర్‌గా తెలియడం మాత్రం సినిమాటిక్ లిబర్టీ.

ఇంజిన్ దెబ్బతిని పైకీ కిందికీ మాత్రమే కదులుతూ టార్పెడోలు తప్పించుకోవడం? నవ్వకండి. 1945 ఫిబ్రవరి 9న నార్వే దగ్గర బ్రిటిష్ సబ్‌మెరీన్ వెంచరర్ నాలుగు టార్పెడోలు వదిలితే, జర్మన్ యూ-864 మూడు తప్పించుకుని నాలుగోదానికి దొరికింది. రెండూ నీళ్ల కిందే ఉండి ఒకటి ఇంకోదాన్ని ముంచేసిన కేస్ చరిత్రలో అదొక్కటే.

ఒక్కటేనా, మరి ఘాజీ? పాయింట్ ఇదే. పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి, తెల్లారితే 4 అనగా, వైజాగ్ తీరంలో మునిగింది నిజం. లోపల ఉన్న 90 మందికి పైగా చనిపోయారు. కానీ మన నేవీ చెప్పేది, దాన్ని ముంచింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక వేసిన డెప్త్ చార్జెస్ అని. పాకిస్తాన్ మాత్రం లోపలి పేలుడో, వాళ్లు పెట్టిన మైనో అంటది. సినిమాలోని ఎస్-21 యుద్ధం మొత్తం కల్పన. ఆ మాట సినిమా మొదట్లోనే వేశారు, మనమే స్కిప్ చేస్తం.

అందుకే నా లెక్కలో పెద్ద హోల్ సినిమాలో లేదు. సీన్ కట్ చేసి "ఇదే అసలు హిస్టరీ" అని వాట్సాప్ స్టేటస్ పెట్టే దగ్గర ఉంది. దానివల్ల రాజ్‌పుత్‌లో పనిచేసినోళ్ల పేరు పోయి, లేని హీరోల పేరు మిగుల్తది.

ఇంట్రెస్ట్ ఉంటే మిర్యాలగూడలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. ఆర్కే బీచ్‌లో కుర్సురా మ్యూజియం ఉంది. ఆ ఇరుకు దారిలో నాలుగు అడుగులు వేస్తే, లోపల ఉన్నోళ్లు ఎందుకలా డిసైడ్ అవుతారో కొంచెం అర్థమైతది. మీకు బాగా మండించిన క్యారెక్టర్ ఎవరో కామెంట్ చేయండి. అది బగ్గా, యూజర్ తప్పా అనేది కూడా రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.