బిరడాను తన్నేసిన నూనె

హౌరాలో బెలిలియస్ రోడ్డు చుట్టుపక్కల సందుల్లోకి వెళ్తే ఎటు తిరిగినా లేత్ మిషన్ల చప్పుడే. ఇనుము పోతపోసే ఫౌండ్రీలు, బోల్టులు కోసే షాపులు, గేర్లు చెక్కే చిన్న చిన్న షెడ్లు. ఈ ఊరి ఫౌండ్రీల్లో పోసిన మ్యాన్‌హోల్ మూతలు న్యూయార్క్ వీధుల దాకా వెళ్లాయి. అలాంటి చోట ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరు గుమ్మం ముందు బండి నిలబెట్టి, కింద పాత ట్రే పెట్టి ఇంజన్ ఆయిల్ దించుతూ కనిపించడంలో వింతేమీ లేదు. ఏ కంపెనీ ఆయిలైనా ఇక్కడివాళ్లకు అది మోబిలే.

ఆ నల్లటి ద్రవాన్ని మనం పెట్రోలు లాగా ఖర్చయ్యే సరుకు కింద జమకడతాం. నా దృష్టిలో అది బండిలో ఒక విడిభాగం. పిస్టన్ లాగే, గేరు లాగే ఇంత బరువు మోయాలి, ఇంత వేడికి తట్టుకోవాలి అని లెక్కవేసి తయారుచేసిన భాగం. ద్రవంగా ఉంటుంది, సీసాలో దొరుకుతుంది, అంతే తేడా. ఇంజన్ విప్పే పని లేకుండా, ఇంటి ముందు కూర్చుని పాతది మొత్తం తీసేసి కొత్తది వేసుకోగలిగిన భాగం లోపల ఇదొక్కటే. అయితే అది బరువు మోస్తుందన్న సంగతి తెలిసింది మోటార్‌సైకిల్ వల్ల కాదు, రైలు ఇరుసుల కోసం చేసిన ప్రయోగాల వల్ల.

1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి రైలు నడిచింది. 24 మైళ్ల దూరం, 91 నిమిషాల ప్రయాణం. తూర్పు భారతంలో ప్రయాణికుల రైళ్లకు అదే మొదలు. ఆ కాలపు పెట్టెల కింద ఇరుసు కొస ఒక ఇత్తడి బేరింగులో తిరిగేది. పెట్టె బరువంతా ఆ కొస మీదే. ఇంగ్లండులో దానికి పశువుల కొవ్వు, పామాయిల్, సోడా కలిపి కాచిన గ్రీజు పెట్టేవారు. మన దేశపు రైల్వేలు ఆముదం విరివిగా వాడాయి. ఎండ రోజుల్లో ఇరుసు వేడెక్కి పొగలు రావడం, బేరింగు కరిగి పెట్టె ఆగిపోవడం అప్పటి రైల్వేలకు రోజూ ఉండే తలనొప్పి. నూనె పెడితే రాపిడి తగ్గుతుందని ఎడ్లబండి కాలం నుంచీ అందరికీ తెలుసు. లోపల ఏం జరిగి తగ్గుతుందో మాత్రం ఇంజనీర్లకు కూడా తెలియదు. ఒకరు కొలిచిన రాపిడి ఇంకొకరి కొలతతో కలిసేది కాదు.

లండన్‌లోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ఈ చిక్కు తేల్చమని బీచమ్ టవర్ అనే ఇంజనీరుకు పని అప్పగించింది. ఆయన మొదటి నివేదిక 1883లో వచ్చింది. ఆయన ఏర్పాటు చాలా సాదా. 4 అంగుళాల లావు ఇరుసు, దాని నెత్తిన ఇత్తడి బేరింగు, బేరింగు మీద బరువు. ఇరుసు కింది భాగం నూనె తొట్టిలో మునిగి తిరుగుతూ తనకు కావలసిన నూనె తానే పైకి తెచ్చుకుంటుంది. ఆలివ్ నూనె, పంది కొవ్వు నూనె, తిమింగలం నూనె, ఆవ జాతి గింజల నూనె, భూమిలోంచి తీసిన ఖనిజ నూనె, ఒక్కొక్కటీ పోసి రాపిడి కొలిచాడు.

పైనుంచి నూనె పోస్తే ఎలా ఉంటుందో చూద్దామని ఆయన బేరింగు నడినెత్తిన అరంగుళం రంధ్రం వేయించాడు. అప్పటి వాడుక అదే, నూనె గిన్నెను బేరింగు మీదే బిగించేవారు. యంత్రం మళ్లీ తిప్పగానే రంధ్రంలోంచి నూనె పైకి ఉబికి పొర్లింది. బిరడా కొట్టారు. నూనె దాన్ని బయటికి తోసేసింది. ఈసారి చెక్క దిమ్మ దిగ్గొట్టారు. అదీ మెల్లగా లేచి బయటికి వచ్చింది. లోపల ఏదో పెద్ద ఒత్తిడి ఉందని టవర్‌కు అర్థమై రంధ్రానికి ఒత్తిడి కొలిచే గేజి బిగించాడు. బేరింగు మీద పెట్టిన బరువును దాని వైశాల్యంతో భాగిస్తే చదరపు అంగుళానికి 100 పౌండ్లు. గేజి ముల్లు 200 దాటి, ఇక కొలవలేక చివరికి పోయి ఆగింది.

ఇరుసుకూ ఇత్తడికీ మధ్య ఉన్న నూనె బరువంతా మోస్తోంది. లోహం లోహాన్ని తాకడమే లేదు. నూనెకు ఉన్న జిగట వల్ల తిరిగే ఇరుసు దాన్ని తనతో లాక్కెళ్లి, వెడల్పుగా ఉన్న చోటి నుంచి ఇరుకు సందులోకి కుక్కుతుంది. ఇరుకులోకి పోయిన నూనెకు పక్కకు పారిపోయే తీరిక ఉండదు. అందుకే ఒత్తిడి పుట్టి పైనున్న బరువును ఎత్తి పడుతుంది. దీనికి 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గణిత సమీకరణం కట్టాడు. టర్బైన్ల నుంచి కార్ల వరకు బేరింగుల లెక్కలు నేటికీ అక్కడి నుంచే మొదలవుతాయి. నన్ను అడిగితే ఇంజన్ ఆయిల్ పుట్టినరోజు బావిలోంచి పెట్రోలియం తీసిన రోజు కాదు, ఆ చెక్క దిమ్మ లేచి వచ్చిన రోజు.

ఇక మోటార్‌సైకిల్ సంగతికి వస్తే, పాత బుల్లెట్‌లో కనెక్టింగ్ రాడ్ కింది కొస ఒక తేలే బుష్ మీద, అంటే అచ్చంగా టవర్ చూసిన పొర మీదే తిరిగేది. మన 100 సీసీ బండ్లలో క్రాంక్ గుళ్ల బేరింగుల మీద తిరుగుతుంది కాబట్టి ఆ పొర అవసరం ఎక్కువగా పిస్టన్ దగ్గర కనిపిస్తుంది. స్ప్లెండర్ తరహా 97.2 సీసీ ఇంజన్‌లో సిలిండర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 49.5. నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్ సగటున సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంలో దాని రింగులు నూనె మీద తేలతాయి. కానీ పై కొసలో ఒకసారి, కింది కొసలో ఒకసారి పిస్టన్ పూర్తిగా ఆగి వెనక్కి తిరగాలి. అంటే సెకనుకు 200 సార్లు దాని వేగం సున్నా. వేగం లేకపోతే నూనెను ఇరుకులోకి లాగేవాళ్లు లేరు, రేనాల్డ్స్ పొర లేదు. పైగా మంట మండేదీ, ఒత్తిడి అత్యధికంగా ఉండేదీ సరిగ్గా ఆ పై కొస దగ్గరే.

ఆ సున్నా వేగం దగ్గర కాపాడేది జిగట కాదు, రసాయనం. ఇందులో మన ఆముదానికి పెద్ద పేరుంది. ఆముదపు అణువులో ఒక కొస లోహానికి అతుక్కునే స్వభావం కలది, అందుకే పొర చెదిరినా లోహం మీద పూత లాగా మిగులుతుంది. పైగా అది పెట్రోలులో తేలిగ్గా కలవదు. మొదటి ప్రపంచ యుద్ధపు నోమ్, లె రోన్ విమాన ఇంజన్లలో సిలిండర్లన్నీ గిరగిరా తిరిగేవి. పెట్రోలు ఆవిరి క్రాంక్ గది గుండానే పోయేది, మామూలు నూనె ఆ పెట్రోలుకు కొట్టుకుపోయేది. కాబట్టి ఆముదమే దిక్కయింది. ఇంజన్ వాడి వదిలేసిన ఆముదం పైలట్ల ముఖం మీద చిమ్మేది. 1909లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపిన నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టడం కూడా ఆ గింజ పుణ్యమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో వానలకు ఎదురుచూస్తూ వేసే ఆముదం పంటకు ఇంతటి చరిత్ర ఉందని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు, చెప్పాలి.

ఆముదానికి ఒక లోపం ఉంది. వేడికి చిక్కబడి జిగురులా పేరుకుంటుంది. వంద కిలోమీటర్లకోసారి విప్పి తుడుచుకునే రేసు బండికి ఫరవాలేదు, పాలవాడి బండికి పనికిరాదు. అందుకని ఖనిజ నూనె గెలిచింది. అయితే ఆముదం చేసే ఆ అతుక్కునే పని కోసం దానికి మందులు కలిపారు. 1940ల నుంచి వాడుకలో ఉన్న జింకు, భాస్వరం, గంధకం కలిసిన సమ్మేళనం వాటిలో ముఖ్యమైనది. మొదట దాన్ని నూనె పుల్లబడకుండా, బేరింగు తుప్పు పట్టకుండా కలిపారు. అరుగుదలను ఆపుతుందని తరవాత తెలిసింది. లోహం రాసుకుని వేడెక్కిన చోటే ఆ సమ్మేళనం విడిపోయి గాజులాంటి పొర కడుతుంది. మందం మిల్లీమీటరులో పదివేల వంతు. అరిగేది ఆ పొర, దాని కింది ఉక్కు కాదు. పొర అరిగినప్పుడల్లా నూనెలోని మందు కొంత ఖర్చయి కొత్త పొర కడుతుంది. మందు అయిపోయాక జారుడుగా కనిపించే నూనె ఉంటుంది గానీ పై కొసలో కాపలా ఉండదు. ఆయిల్ మార్చమనడానికి అసలు కారణాల్లో ఇదొకటి. వేళ్ల మధ్య రుద్ది చూస్తే ఇది తెలియదు.

మోటార్‌సైకిల్ నూనెకు కారు నూనెకు లేని చాకిరీ కూడా ఉంది. మన బండ్లలో చాలావాటికి ఇంజన్, క్లచ్, గేర్‌బాక్స్ మూడూ ఒకే గదిలో, ఒకే నూనెలో మునిగి ఉంటాయి. జారుడు పెంచే మందులు ఎక్కువగా ఉన్న కారు నూనె పోస్తే క్లచ్ పలకలు పట్టుకోకుండా జారతాయి. ఇంజన్ మోత పెరుగుతుంది, బండి కదలదు. 1998లో జపాన్ వాహన ప్రమాణాల సంస్థ జాసో తెచ్చిన ఎంఏ గుర్తు ఇందుకే. డబ్బా మీద ఆ గుర్తు లేకుండా బైకుకు కొనవద్దని నా గట్టి మాట. ఇక గేరు పళ్లు నూనెలోని పొడవాటి పాలిమర్ అణువులను నలిపి తెంపుతాయి. 10డబ్ల్యూ-30 అని రాసున్న నూనె వేడికి పలచబడకుండా నిలబెట్టేవి ఆ అణువులే. అవి తెగేకొద్దీ నూనె తన అంకె కంటే పలచబడుతుంది.

మన దేశంలో ఇంజన్ ఆయిల్ మార్చే పని ఇళ్ల ముందుకు రావడం అంత పాత సంగతి కాదు. బుల్లెట్‌ను పక్కన పెడితే అప్పటి రాజ్‌దూత్, జావా, చేతక్, ఆర్‌ఎక్స్100 అన్నీ రెండు స్ట్రోకులవి. వాటి ఇంజన్ నూనె పెట్రోలుతోపాటే కాలి నీలి పొగగా పోయేది, గేర్‌బాక్స్ నూనె ఒక్కటే మార్చేవారు. 1985లో హీరో హోండా సీడీ100 వచ్చాక నాలుగు స్ట్రోకుల ఇంజన్ మధ్యతరగతి గుమ్మాలకు చేరింది.

ఇక పని సంగతి. బండిని అయిదు నిమిషాలు తిప్పి ఆపాలి. నూనె వేడిగా ఉంటే పలచగా పారుతుంది, అడుగున చేరిన మడ్డిని వెంట తెస్తుంది. ఎగ్జాస్టు గొట్టం కాలుతుంది, చెయ్యి జాగ్రత్త. చదునైన నేల మీద సెంటర్ స్టాండు వేసి, పైన మూత వదులు చేసి, కింద డ్రెయిన్ బోల్టుకు సరైన పానా పెట్టి విప్పాలి. సరిపోని పానాతో తలకాయ గుండ్రంగా అరగదీస్తే ఇక అది లేత్ షాపు పనే. చివరి రెండు చుట్లు చేత్తో, బోల్టును లోపలికి నొక్కి పట్టుకుంటూ తిప్పితే అది నూనెతోపాటు ట్రేలో పడదు. మొదట లావుగా, తర్వాత తాడులా, చివరికి చుక్కలుగా కారుతుంది. ఆ చుక్కలు ఆగేదాకా పది నిమిషాలు ఓపిక పట్టాలి.

ఆలోపు చేసే పని ఒకటుంది. బోల్టు కొసను తెల్లగుడ్డ మీద తుడిచి ఎండలో చూడండి. వెండి పొడి లాంటి మెరుపు కొద్దిగా ఉంటే మామూలు అరుగుదలే. గోటికి తగిలే ముక్కలు కనిపిస్తే మాత్రం కొత్త నూనె పోయకండి, ముందు మెకానిక్‌ను పిలవండి. రైల్వే డీజిల్ షెడ్లలో ఇదే పనిని స్పెక్ట్రోమీటర్‌తో చేస్తారు. ఇనుము పెరిగితే లైనరో రింగో అరుగుతోందని, రాగి పెరిగితే బేరింగని, సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దుమ్ము ఆపడం లేదని, ఇంజన్ విప్పకుండానే చెబుతారు.

బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించేటప్పుడు బలం చూపించవద్దు. బోల్టు ఉక్కు, ఇంజన్ గది అల్యూమినియం. మర ఊడేది మెత్తటి దానిదే. స్ప్లెండర్ లాంటి బండ్లకు కాగితపు ఫిల్టరు ఉండదు, లోపల తిరిగే గిన్నె మడ్డిని పక్కకు విసిరి పట్టుకుంటుంది, దానితోపాటు ఒక జల్లెడ ఉంటుంది. ఫిల్టరు ఉన్న బండికి దాన్నీ మార్చాలి. కంపెనీ పుస్తకంలో రాసినంత నూనె పోసి, రెండు నిమిషాలు తిప్పి ఆపి, కాసేపయ్యాక డిప్‌స్టిక్ చూసుకోవాలి. ఆ పుల్లను మర బిగించి చూడాలా, ఊరికే దించి చూడాలా అన్నది కూడా పుస్తకంలోనే ఉంటుంది.

కారిన నూనె చూసి ఇక్కడి గ్యారేజీ కుర్రాళ్లు “దాదా, మోబిల్ ఏకేబారే కాలో!” అంటారు, అన్నా, ఆయిల్ పూర్తిగా నల్లబడింది అని. నల్లబడితే చెడిందని అందరి నమ్మకం. నిజానికి అందులో మసిని చుట్టుముట్టి, ముద్ద కట్టకుండా తేల్చి ఉంచే మందులు ఉంటాయి. నూనె నల్లబడటం అంటే మసి ఇంజన్ గోడలకు కాకుండా నూనెలో చేరుతోందని అర్థం. నేను భయపడేది పాలమీగడ రంగుకు. పైమూత కింద అలాంటి నురగ కడితే నీళ్లు చేరాయన్న మాట. హౌరా లాంటి ఉక్క ఊళ్లో ఇంటి నుంచి ఫెర్రీ ఘాటు దాకా, ఘాటు నుంచి ఇంటికి మాత్రమే నడిచే బండికి ఈ బెడద ఎక్కువ. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తే లోపలి తేమా, జారిన పెట్రోలూ ఆవిరైపోవు, నూనెలోనే ఉండిపోతాయి. అలాంటి బండికి కిలోమీటర్లతో పాటు నెలలు కూడా లెక్కపెట్టాలి.

దించిన నూనెను మోరీలో పోయడం మాత్రం ఎవరు చేసినా తప్పే. హౌరా మోరీలు చివరికి హుగ్లీకో, చెరువులకో పోతాయి. శీతాకాలంలో వలస బాతులు వేలల్లో దిగే సాంత్రాగచ్చి ఝీల్ ఈ ఊరి నడుమే ఉంది. వాడిన నూనెలో క్యాన్సర్ కలిగించే హైడ్రోకార్బన్లు, లోహపు పొడి ఉంటాయి. ఇంటి దూలాలకు చెదలు పట్టకుండా పూయడం, సెంట్రింగ్ రేకులకు రాయడం మన ఊళ్లలోనూ అలవాటే, ఆ చేతులకు ఆ విషం అంటుతూనే ఉంటుంది. మన చట్టం దీన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కిస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి నూనె తయారీదార్లు, దిగుమతిదార్లు వాడిన నూనెలో ఏటా నిర్ణీత భాగాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత మోయాలి.

ఆ శుద్ధి సాధ్యం కావడానికి కారణం మందులు ఖర్చయినా, మసి చేరినా, మూల నూనె అణువుల్లో అత్యధిక భాగం చెక్కుచెదరకపోవడమే. నీళ్లు, మసి, లోహం తీసేసి స్వేదనం చేసి, హైడ్రోజన్‌తో శుభ్రపరిస్తే మళ్లీ కొత్త నూనెకు ముడిసరుకవుతుంది. కాబట్టి కొత్త నూనె వచ్చిన డబ్బాలోనే పాతదాన్ని గరాటుతో పోసి, నీళ్లూ పెట్రోలూ కలవకుండా మూత బిగించి, గ్యారేజీలో సేకరణ పీపా ఉంటే అందులో పోయించండి. ఆ పీపా ఎవరు తీసుకెళ్తారో, లైసెన్సున్న శుద్ధి కేంద్రానికే వెళ్తుందో లేదో కూడా ఒక మాట అడగండి.