గ్రీన్ వేగం: అపోహలు – వాస్తవాలు

గోల్ఫ్ టోర్నీ జరుగుతుంటే "ఈరోజు గ్రీన్‌లు 13 మీద ఉన్నాయి" అనే మాట వ్యాఖ్యాతల నోట తరచూ వినిపిస్తుంది. ఆ అంకె ఎంత పెద్దదైతే కోర్సు అంత గొప్పదని నమ్మేవాళ్లు చాలామంది. ఈ నమ్మకం ఆటకూ మంచిది కాదు, గడ్డికీ మంచిది కాదు.

అపోహ: గ్రీన్ వేగాన్ని ఏదో ఎలక్ట్రానిక్ యంత్రం కొలుస్తుంది.

వాస్తవం: ఆ అంకె ఇచ్చే స్టింప్‌మీటర్ 36 అంగుళాల అల్యూమినియం పట్టీ. పొడవునా వి ఆకారపు గాడి, నేలకు ఆనే కొస నుంచి 30 అంగుళాల దూరంలో బంతి కూర్చునే నొక్కు ఉంటాయి. రెండో కొసను మెల్లగా ఎత్తుతూ పోతే, సుమారు 20 డిగ్రీల వాలు దగ్గర బంతి దానంతటదే కదిలి గాడిలో దొర్లుతుంది. ఎవరు ఎత్తినా అది దాదాపు ఒకే వేగంతో గ్రీన్ మీదికి దిగుతుంది. అక్కడి నుంచి ఎన్ని అడుగులు దొర్లి ఆగిందన్నదే కొలత. 10 అంటే పది అడుగులు.

అపోహ: ఒక బంతి వదిలి టేపు పట్టుకుంటే సరిపోతుంది.

వాస్తవం: చదునైన చోట మూడు బంతులు ఒక దిక్కుకు వదలాలి. అవి ఒకదానికొకటి 8 అంగుళాల లోపే ఆగాలి. తర్వాత అదే దారిలో ఎదురు దిక్కుకు మరో మూడు. రెండు సగటుల మధ్య తేడా 18 అంగుళాలు దాటితే ఆ చోటు చదునుగా లేదన్నమాట. వాలులో మామూలు సగటు తప్పుదారి పట్టిస్తుంది. దిగువకు 15, ఎగువకు 7.5 అడుగులు వస్తే సగటు 11.25, కానీ వాలును సరిచేసే సూత్రం ప్రకారం అసలు వేగం 10.

అపోహ: ఇది కోర్సుల మధ్య పోటీ కోసం పుట్టింది.

వాస్తవం: 1935లో ఓక్‌మాంట్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో జీన్ సారజెన్ కొట్టిన పట్ గ్రీన్ దాటి బంకర్‌లో పడింది. అది చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్, గ్రీన్‌లు మితిమీరిన వేగంగా ఉన్నాయని రుజువు చేయాలని చెక్కతో ఈ పరికరం తయారుచేశారు. 1976లో అమెరికా గోల్ఫ్ సంఘం (యూఎస్‌జీఏ) దాన్ని అల్యూమినియంలోకి మార్చింది. 1978లో కోర్సుల నిర్వాహకులకు అందించింది. ఒకే కోర్సులోని 18 గ్రీన్‌లు ఒకదానితో ఒకటి సరిపోలేలా చూసుకోవడమే యూఎస్‌జీఏ ఉద్దేశం.

అపోహ: వేగం పెరిగేకొద్దీ గ్రీన్ మెరుగవుతుంది.

వాస్తవం: 3 శాతం వాలు తీసుకుందాం. స్థూలంగా లెక్కేస్తే, పట్టీ నుంచి దిగువకు వదిలిన బంతి స్టింప్ 10 గ్రీన్ మీద సుమారు 16 అడుగులు పోతుంది. 13 అయితే సుమారు 26 అడుగులు! అంకె మూడే పెరిగినా, పరుగు దాదాపు పది అడుగులు పెరిగింది. అందుకే వేగం పెంచితే హోల్ పెట్టదగ్గ చోట్లు తగ్గిపోతాయి. 2004లో షిన్నెకాక్ హిల్స్‌లో యూఎస్ ఓపెన్ చివరి రోజున ఏడో గ్రీన్ ఎంత ఎండిపోయిందంటే, ఆట మధ్యలోనే నీళ్లు చల్లాల్సివచ్చింది. 2015లో సెయింట్ ఆండ్రూస్‌లో గాలికి బంతులు గ్రీన్‌ల మీద కదిలిపోవడంతో ఆట గంటల తరబడి ఆగింది. గాలి వీచే కోర్సుకు కాస్త నెమ్మది గ్రీన్‌లే క్షేమం.

అపోహ: గడ్డి పొట్టిగా కోస్తే చాలు, వేగం వస్తుంది.

వాస్తవం: కోత ఒక్కటే కాదు. రోలర్ తిప్పడం, పలచగా ఇసుక చల్లడం, తేమనూ నత్రజనినీ అదుపులో ఉంచడం కూడా వేగాన్ని పెంచుతాయి. కోత మరీ దిగితే ఆకు తగ్గి గడ్డికి ఆహారం తయారుచేసుకునే శక్తి పోతుంది. వేర్లు పైపైనే ఉండిపోతాయి. గడ్డి ఎండకూ తెగులుకూ తేలిగ్గా లొంగిపోతుంది.

అపోహ: అర అడుగు తేడా కూడా ఆటగాడికి తెలిసిపోతుంది.

వాస్తవం: మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షిస్తే, మామూలు గోల్ఫర్లు 6 అంగుళాల తేడాను పసిగట్టలేకపోయారు. అలాంటి తేడా కోసం గడ్డి ప్రాణం తోడేయడం అన్యాయం.

మీ క్లబ్‌లో గ్రీన్‌కీపర్ కనిపిస్తే "ఈరోజు ఎంత?" అని అడగకండి. "పద్దెనిమిదీ ఒకేలా ఉన్నాయా?" అని అడగండి. ఆ పట్టీ జవాబు చెప్పాల్సిన ప్రశ్న అదే.