గ్రామాభివృద్ధి గ్రాంటులు పంచఁబడు విధము
(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల రైతులకు)

గ్రామమునకు మంచినీటి కొళాయిగాని, మురుగుకాలువగాని, పొలమునకుఁ బోవు డొంకగాని కావలసినప్పుడు రైతులు తఱచుగా ఒక అర్జీ పెట్టుకొని ఊరకుందురు. గ్రాంటనునది ఒకరి దయవలన వచ్చునని తలఁచుటయే ఇందుకుఁ గారణము. నిజమునకు ఈ సొమ్ములో ముఖ్యభాగము లెక్కప్రకారము పంచఁబడును. ఆ లెక్క తెలిసిన గ్రామము తనకు రావలసినదానిని అడిగి తెచ్చుకొనఁగలదు.

1. సొమ్ము వచ్చు మార్గము

గ్రామపంచాయతులకు రాజ్యాంగములో స్థానము కల్పించిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చెను. అయిదేండ్లకొకసారి నియమింపఁబడు కేంద్ర ఆర్థిక సంఘము స్థానిక సంస్థల గ్రాంటులను సిఫారసు చేయును. 15వ ఆర్థిక సంఘము 2021-22 మొదలు 2025-26 వఱకు దేశమందలి గ్రామీణ సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలను సిఫారసు చేసెను. రాష్ట్రముల వాటాలు నూటికి 90 పాళ్లు 2011వ సంవత్సరపు జనసంఖ్యను బట్టియు, 10 పాళ్లు వైశాల్యమును బట్టియు నిర్ణయింపఁబడెను.

రాష్ట్రమునకు వచ్చిన సొమ్ములో గ్రామపంచాయతులకు 70 నుండి 85 పాళ్లును, మండల పరిషత్తులకు 10 నుండి 25 పాళ్లును, జిల్లా పరిషత్తులకు 5 నుండి 15 పాళ్లును చెందవలెనని నియమము. జగ్గయ్యపేట, నందిగామ పట్టణములకు వేఱు పద్దు కలదు. వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, వీరులపాడు మొదలగు మండలముల గ్రామములు ఈ గ్రామీణ పద్దులోనివి.

2. దేనికి ఖర్చు చేయవచ్చును

ఈ గ్రాంటులో నూటికి 60 పాళ్లు పని నిర్ణయించి ఇచ్చినవి. దీనిని అధికారులు టైడు గ్రాంటు అందురు. అందు సగము పారిశుద్ధ్యమునకును, సగము మంచినీరు, వాననీటి నిలువ మొదలగువానికిని వినియోగింపవలెను. మిగిలిన 40 పాళ్లు గ్రామపు అవసరమును బట్టి వాడుకొనవచ్చును. కాని జీతములకును, కార్యాలయపు నిర్వహణకును వాడరాదు.

ఉదాహరణమునకు ఒక గ్రామమునకు 10 లక్షలు వచ్చెననుకొందము. మూఁడు లక్షలు పారిశుద్ధ్యమునకు, మూఁడు లక్షలు నీటికిఁ బోవును. పత్తి, మిరప బండ్లు నడచు డొంకకు గ్రావెలు పోయవలెనన్న, మిగిలిన నాలుగు లక్షలలోనే చూచుకొనవలెను. నీటి పద్దు సొమ్ముతో డొంక వేయుమని కోరిన అర్జీ చెల్లదు. మెట్టగ్రామములలో వేసవి నీటియెద్దడికి మాత్రము ఆ పద్దు మిక్కిలి ఉపయోగకరము.

3. గ్రాంటు నిలిచిపోవుటకుఁ గారణములు

లెక్కప్రకారము రావలసిన సొమ్మును షరతులు నెరవేఱనిచో రాదు. ఎన్నుకొనఁబడిన పాలకవర్గము ఉండవలెను. జమాఖర్చులు సిద్ధపఱచి ఆడిటు చేయించి ప్రకటింపవలెను. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతుల గడువు 2018 ఆగస్టులో ముగిసి, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలోఁగాని జరుగలేదు. ఆ నడుమ కేంద్రపు గ్రాంటులు సకాలమునకు రాక నిలిచినవి. నష్టపడినవి గ్రామములే.

కేంద్రమునుండి వచ్చిన సొమ్మును రాష్ట్ర ప్రభుత్వము 10 పనిదినములలో స్థానిక సంస్థలకుఁ జేర్పవలెననియు, ఆలస్యమైనచో వడ్డీతోఁ గూడ ఈయవలెననియు 15వ సంఘము విధించెను.

4. లెక్కకు లోఁబడని గ్రాంటు

పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి పథకము 1993 డిసెంబరులో ప్రారంభమయ్యెను. సభ్యునికి ఏఁటికి 5 కోట్ల రూపాయలు కలవు. ఇందు గ్రామమునకు ఇంతయని వాటా లేదు. సభ్యుఁడు పనిని సిఫారసు చేయఁగా జిల్లా అధికారులు పరిశీలించి మంజూరు చేయుదురు. జగ్గయ్యపేట, నందిగామ రెండును విజయవాడ లోక్‌సభ నియోజకవర్గములోనివి.

5. రైతులు చేయవలసినది

పంచాయతి గ్రాంటుతోఁ జేయఁదలఁచిన పని మొదట గ్రామపంచాయతి వార్షిక ప్రణాళికలోఁ జేరవలెను. ఆ ప్రణాళిక గ్రామసభయందుఁ జర్చింపఁబడి ఆమోదింపఁబడును. సభకుఁ బోని రైతు పిమ్మట తన డొంక పట్టికలో లేదని వగచిన ప్రయోజనము స్వల్పము. కావున సభ తేదీ ముందుగాఁ దెలిసికొని, పనిపేరు, పొడవు, ఉపయోగపడు కుటుంబముల సంఖ్య వ్రాసికొనిపోయి, తీర్మానములో వ్రాయించుట మేలు. ప్రణాళికయు, జమాఖర్చులును ఈ-గ్రామస్వరాజ్ అను ప్రభుత్వపు వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. గ్రామమునకు ఎంత వచ్చెను, ఏ పద్దున ఎంత మిగిలెను అని పంచాయతి కార్యదర్శిని అడుగుట రైతునకు హక్కు.