పొద్దుగాల పటాన్‌చెరు... ఫోన్‌లో మెకాంగ్!

డిసెంబర్‌లో పొద్దుగాల పటాన్‌చెరు చూశారా? పొగమంచులో షిఫ్టు బస్సుల లైట్లు, టీ బండి దగ్గర స్వెటర్ల గుంపు. జిల్లాలో చలి అంటే ముందు వినిపించే పేరు కోహీర్. సంగారెడ్డి దగ్గర మంజీరాకు హిమాలయాలు దాటి బార్‌హెడెడ్ గూస్‌లు వస్తాయి. వాటికి వీసా గొడవ లేదు!

మనకు ఉంది. 2018లో జై భారతి సహా నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి బైకులపై బయల్దేరి మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టొచ్చారు. దాదాపు 17,000 కిలోమీటర్లు! మూడేళ్లకే సీన్ మారింది. 2021 సైనిక తిరుగుబాటుతో మయన్మార్ దారి ప్రమాదకరమైంది. మన ఈశాన్యం నుంచి థాయ్‌లాండ్‌కు నేరుగా పోయే రోడ్డు అదే మరి.

మీకూ అలాంటి ప్లాన్ ఉందా? బైక్‌కు డబ్బులు కట్టే ముందు సరిహద్దు తెరిచి ఉందో లేదో కనుక్కోండి.